అలంపూర్‌లో అన్నిటికంటే పాత గుడి ఏది? పాపకు సరిగ్గా చెప్పాలి

పాలమూరు అమ్మ:
పోయిన ఆదివారం నాయనను, ఆరో తరగతి చదివే పాపను తీసుకొని అలంపూర్ పోయొచ్చాం. పక్కపక్కనే ఉన్నా గుళ్లన్నీ ఒక్క తీరుగా లేవు. "అమ్మా, అన్నిట్లో ముసలి గుడి ఏది?" అని అడిగింది పాప. జోగులాంబ గుడి అన్నాను. నాయన కాదన్నాడు, అది మొన్న మొన్న కట్టిందేనట. ఎవరిది నిజం?

తుంగభద్ర ఒడ్డు:
అక్కా, మీ నాయన మాటే నిజం. అయితే మీది కూడా పూర్తిగా తప్పు కాదు. అమ్మవారి పాత గుడి 14వ శతాబ్దంలో ధ్వంసమైంది, ఇప్పుడున్నది 2005లో కట్టారు. అంతవరకు అమ్మవారు బాలబ్రహ్మ గుడిలోనే ఉండేది. చిన్నప్పుడు మా అమ్మ నాతో మొక్కించింది అక్కడే.

ఆ బాలబ్రహ్మతో కలిపి తొమ్మిదిని నవబ్రహ్మ గుళ్లు అంటారు. అవి బాదామి చాళుక్యులవి, 7, 8 శతాబ్దాల నాటివి. పేరుకు బ్రహ్మలు, లోపల శివలింగాలు. పాపకు శిఖరాలు చూపించండి. నిలువుగా లేచి, పైకి పోనుపోను లోపలికి వంగుతాయి. నెత్తిన ఉసిరికాయను నొక్కినట్టు చారల రాయి ఉంటుంది. దాని పేరు ఆమలకం, అంటే ఉసిరికాయే! ఇది ఉత్తరాది పద్ధతి. తారకబ్రహ్మ ఒక్కటే దక్షిణాది తీరు. స్వర్గబ్రహ్మ దగ్గర మాత్రం తొందరపడొద్దు, గోడల మీద దిక్పాలకులను పాపతోనే వెతికించండి. పక్కనే ఉన్న దర్గా కూడా చూపించండి. మధ్యాహ్నం వద్దు, బండలు కాలుతాయి.

గద్వాల నుంచి:
పాపనాశి గుళ్లు, కూడవెల్లి సంగమేశ్వరం కూడా చూడాలి. శ్రీశైలం రిజర్వాయర్ నీళ్లలో మునుగుతాయని, రాళ్లు విప్పి తెచ్చి అలంపూర్ దగ్గర మళ్లీ పేర్చారు. పాపనాశి గుళ్ల పైభాగం మెట్లు మెట్లుగా ఉంటుంది, తేడా చూడగానే తెలుస్తుంది.

మా తాతల ఊరు ఆ నీళ్లలోనే మునిగింది. కూడవెల్లి గుడికి పోయినప్పుడల్లా మా నాయనమ్మ గోడ రాయి మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడేది. ఇల్లు, చేను, బావి అన్నీ పోయినాయి, ఆమె చిన్ననాటి నుంచి చూసినవాటిలో మిగిలింది ఆ రాళ్లే.

పాలమూరు అమ్మ:
ఇది చదివి నాయన మళ్లీ పోదామంటున్నాడు. అన్నా, ఆ రాయి ఎటువైపు ఉంటుంది?

గద్వాల నుంచి:
లోపలికి పోంగనే కుడి పక్క గోడ, అక్కా. ఆమె చెయ్యి అందేంత ఎత్తులోనే.