సిడ్నీ హార్బర్ సెయిలింగ్, కార్తీక వనభోజనాలు: ఆదివారం ఏర్పాట్లు (అర్జెంట్)

రవి, బుధవారం రాత్రి 9:40
అందరికీ నమస్కారం. ఆదివారానికి ఇంకా నాలుగు రోజులే ఉంది. బోటు బ్యాలెన్స్ శుక్రవారం సాయంత్రం 5 లోపు కట్టాలి. మిగిలిన పనులు ఇవీ: బ్యానర్ ప్రింట్, మైకు, తంబోలా టికెట్లు, పెద్దలకి శాలువాలు, పిల్లల క్విజ్. ఎవరు ఏది తీసుకుంటారో పొద్దున్నలోపు చెప్పండి. చెప్పకపోతే పోయినసారి చేసినవాళ్ల పేరే రాసేస్తాను.

హారిక, 10:05
రవన్నా, వీటన్నిటికంటే ముందు ఇది చూడండి. పేర్ల లిస్టు పంపితే బోటువాళ్లు ఇప్పుడే జవాబిచ్చారు. మనం 25 మంది, వాళ్ల పడవకి 20 మందికే అనుమతి. ఇలాగైతే ఎక్కించుకోలేమని తేల్చి చెప్పేశారు.

నరేష్, 10:09
పెద్దవాళ్లు 19 మందే కదా? మిగతా ఆరుగురూ నాలుగేళ్లలోపు పిల్లలు. ఫ్లైట్‌లోలాగా ఒళ్లో కూర్చోబెట్టుకుంటాం అని చెప్పు.

హారిక, 10:14
చెప్పాను అన్నా. పడవ సర్వే సర్టిఫికెట్‌లో రాసిన సంఖ్యలో చిన్నపిల్లలు కూడా మనుషులే. తలకొక లైఫ్ జాకెట్ ఉండాలి, పిల్లల సైజువి వేరే. 21వ మనిషిని ఎక్కిస్తే స్కిప్పర్ (పడవ నడిపే ఆయన) లైసెన్సుకే ముప్పు. ఇక్కడ బతిమాలి లాభం లేదు.

సత్యం, 10:31
ఇంకో బోటు అడిగి చూశాను. రెండు గంటల కంటే తక్కువకి ఇవ్వరట, 1,300 డాలర్లు. అకౌంటులో ఉన్నది ఉగాది హాలు అడ్వాన్సు డబ్బు. అందులోంచి ఒక్క డాలరు కూడా తీయడానికి నేను ఒప్పుకోను. అసలు నాలుగేళ్లలోపు పిల్లలకి ఫ్రీ అని ఫ్లయర్‌లో ఎవరు వేశారు?

నరేష్, 10:36
అయితే చిన్నపిల్లలున్న ఇళ్ల నుంచి ఒకరు పిల్లలతో ఒడ్డునే ఉంటే సరిపోతుంది. ఒక గంట సేపు ఆడించుకోలేరా?

పద్మ, 10:42
నరేష్, ఆ ఒడ్డున ఉండేది ఎవరో నాకు తెలుసు, నీకూ తెలుసు. ప్రతిసారీ తల్లులే ఉంటారు. మా అత్తయ్యగారికి సోమవారం విజయవాడ ఫ్లైట్. ఆర్నెల్లు ఇల్లు, గుడి, ఇండియన్ షాపు తప్ప ఏమీ చూడలేదు. మనవడితో కలిసి పడవ ఎక్కాలని రోజూ అడుగుతున్నారు. వాడు ఒడ్డున, ఆవిడ నీళ్ల మీదా? అలాగైతే మా టికెట్లు వెనక్కి తీసుకోండి.

రవి, 10:50
సత్యం గారూ, ఫ్రీ అన్నది మీటింగ్‌లో అందరూ చేతులెత్తి ఒప్పుకున్న మాట. ఇప్పుడు ఫ్లయర్ వేసిన నన్ను నిలబెట్టి అడగడం బాగాలేదు. నెల రోజుల నుంచి ఆఫీసు లంచ్ బ్రేకులన్నీ ఈ ఫోన్లకే పోయాయి. ఇంత టెన్షన్ నాకు వద్దు. రేపటి నుంచి ఎవరు చూసుకుంటారో చూసుకోండి.

పద్మ, 10:53
రవీ, అన్నం తిని పడుకో తమ్ముడూ. పొద్దున మాట్లాడుకుందాం.

హారిక, గురువారం ఉదయం 7:20
స్కిప్పర్‌తో ఇప్పుడే మాట్లాడాను, ఆయన ఆరింటికే లేస్తారు. మన బుకింగ్ మూడు గంటలు. అందరూ ఒకేసారి ఎక్కాలని రూల్ ఏమీ లేదు, గంటన్నర చొప్పున రెండు బ్యాచ్‌లు వేసుకోవచ్చట. మొదటి బ్యాచ్ 10:30కి రోజ్ బేలో ఎక్కి, 12కి వాట్సన్స్ బేలో దిగుతుంది. రెండో బ్యాచ్ సర్క్యులర్ కీ నుంచి ఎఫ్9 ఫెర్రీలో నేరుగా వాట్సన్స్ బేకి వచ్చి, అక్కడ ఎక్కి మళ్లీ అక్కడే దిగుతుంది. ఒక్కో ట్రిప్పుకి 20 మంది కాబట్టి పిల్లల్ని ఎవరూ వదిలి రానక్కర్లేదు. ఎక్కడానికీ దిగడానికీ టైమ్ పడుతుంది కాబట్టి ఇంకో అరగంట తీసుకుంటే నయం అన్నారు, దానికి 220 డాలర్లు.

నరేష్, 7:41
గంటన్నరలో హార్బర్ బ్రిడ్జి కిందకి వెళ్లి రాగలమా? చాలామంది దానికోసమే టికెట్ కొన్నారు.

హారిక, 7:48
వెళ్లలేం. సర్క్యులర్ కీ వైపు ఫెర్రీలు ఎక్కువ. నారింజ రంగు డైమండ్ గుర్తు ఉన్న ఫెర్రీకి తెరచాప పడవైనా దారి ఇవ్వాల్సిందే, అక్కడ ఆగుతూ తిరుగుతూ ఉంటే టైమంతా పోతుందట. షార్క్ ఐలండ్ పక్క నుంచి బ్రాడ్లీస్ హెడ్ దాకా వెళ్లి తిరిగితే ఒపేరా హౌస్, బ్రిడ్జి రెండూ ఎదురుగా కనిపిస్తాయి. ఫొటోలకి అదే మంచిదంటున్నారు. పెద్దవాళ్లని మాత్రం మొదటి బ్యాచ్‌లోనే వేయమన్నారు. ఈ రోజుల్లో ఈశాన్య గాలి మధ్యాహ్నానికి బలపడుతుంది, అప్పుడు పడవ బాగా ఒరుగుతుంది. పొద్దున అయితే నిలకడగా ఉంటుంది.

పద్మ, 8:02
మా అత్తయ్యగారూ మనవడూ మొదటి బ్యాచ్, రాసుకో హారికా. కానీ ఒక్క మాట. వనభోజనం అంటే అందరం ఒకే బంతిలో కూర్చుని తినడం. మొదటివాళ్లు తినేసి, రెండోవాళ్లకి చల్లారింది పెడతామంటే నేను ఒప్పుకోను. రెండో ట్రిప్పు దిగాకే విస్తళ్లు వేద్దాం. షుగర్ ఉన్న పెద్దలకి 12కే ఇడ్లీ, అరటిపండు పెడతాను.

సత్యం, 8:30
ఆ 220 ఎక్కడి నుంచి వస్తుంది?

నరేష్, 8:37
వెయిటింగ్ లిస్టులో తొమ్మిది మంది ఉన్నారు గదా సత్యం గారూ. రెండు ట్రిప్పులకి కలిపి 40 సీట్లు, మనం వాడేది 25. వాళ్లకి టికెట్లు ఇచ్చేస్తే అరగంట డబ్బు వచ్చి ఇంకా మిగులుతుంది. ఫోన్లు నేను చేస్తాను. ఈసారి పిల్లల పేర్లు కూడా ముందే రాయించుకుంటాను.

సత్యం, 9:15
అలాగైతే సరే. డబ్బు నా చేతికి వచ్చాకే పేరు ఎక్కించండి. బ్యాలెన్స్ నేను రేపు మధ్యాహ్నమే కట్టేస్తాను. రవీ, రసీదు నీకు కూడా పంపిస్తాను, నువ్వే చూసుకోవాలి.

హారికా, స్కిప్పర్‌కి ఒక మాట చెప్పమ్మా. బ్రాడ్లీస్ హెడ్ కొసన ఒక పాత యుద్ధనౌక స్తంభం (మాస్ట్) నిలబెట్టి ఉంటుంది, దాని దగ్గర కాస్త నెమ్మదిగా పోనివ్వమను. 1914 సెప్టెంబర్ 22 రాత్రి మద్రాసు మీద గుండ్లు పేల్చి చమురు ట్యాంకులు తగలబెట్టింది ఎమ్డెన్ అనే జర్మన్ ఓడ. ఆ నవంబర్ 9న కోకోస్ దీవుల దగ్గర ఎమ్డెన్‌ని దెబ్బ కొట్టింది సిడ్నీ అనే యుద్ధనౌక, దాని స్తంభమే ఇది. అప్పుడు మన కోస్తా జిల్లాలు, రాయలసీమ అన్నీ మద్రాసు కిందే ఉండేవి. మా తాతగారు ఎమ్డెన్ కథలు చెప్పేవారు. వచ్చే పెద్దల్లో కూడా విన్నవాళ్లు ఉంటారు. మొదటి ట్రిప్పులో నేను ఉండి చెబుతాను.

రవి, 12:35
రసీదు పంపండి సత్యం గారూ. మొదటి బ్యాచ్ పెద్దల్ని రోజ్ బేకి తీసుకెళ్లడానికి నేను ఆఫీసు స్నేహితుడి వ్యాన్ అడిగాను, ఇస్తానన్నాడు. వెంట్‌వర్త్‌విల్ స్టేషన్ దగ్గర ఉదయం 8:45కి బయలుదేరుదాం. రెండో బ్యాచ్‌వాళ్లు రైల్లో వచ్చేటట్టయితే శనివారం రాత్రే ట్రాక్‌వర్క్ (పట్టాల మరమ్మతు) ఉందేమో చూసుకోండి. ఆదివారాలు నమ్మడానికి లేదు. ప్రామ్‌తో (పిల్లల బండితో) వచ్చేవాళ్లకి ఫెర్రీయే సుఖం.

హారిక, 1:10
స్తంభం గురించి చెప్పాను, స్కిప్పర్ సరేనన్నారు. అందరూ మెత్తటి సోలున్న బూట్లు వేసుకోండి, హీల్స్ వద్దు. చీరలు కట్టుకునేవాళ్లు కొంగు దోపుకోవాలి, పక్కనే తాళ్లు కదులుతుంటాయి. బలమైన గాలుల హెచ్చరిక వస్తే శనివారం సాయంత్రమే ఫోన్ చేస్తారు. అప్పుడు ఇంకో తేదీ ఇస్తారు, డబ్బు పోదు.

నరేష్, రాత్రి 8:20
తొమ్మిది మందిలో ఏడుగురు వస్తున్నారు, అందులో ఇద్దరు పిల్లలు. మొత్తం 32. డబ్బు సత్యం గారికి వెళ్లిపోయింది. పద్మక్కా, మీ వాళ్ల పక్క సీట్లు ఎవరికీ ఇవ్వలేదు, మీరు కూడా వాళ్లతోనే ఎక్కండి. ఫెర్రీలో పిల్లల్ని నేను చూసుకుంటాను.

పద్మ, 8:44
మంచిది నరేష్. 32 మంది అంటే పులిహోర ఇంకో గిన్నె కలపాలి. చక్కెర పొంగలి, దద్దోజనం, గుత్తి వంకాయ మా ఇంట్లో. ఉల్లి, వెల్లుల్లి ఎక్కడా వద్దు. మనం తినబోయే వాట్సన్స్ బే రాబర్ట్‌సన్ పార్కులో ఉసిరి చెట్టు లేదు కాబట్టి షాపులో ఫ్రోజెన్ ఉసిరికాయలు తీసుకున్నాను, విస్తరికి ఒకటి వేద్దాం. చాపలు ఎవరి ఇంట్లో ఉంటే వాళ్లు తెండి. దద్దోజనం మధ్యాహ్నం దాకా ఎండలో ఉండకూడదు, ఐస్ బాక్స్ ఎవరి దగ్గరుంది?

నరేష్, 8:47
నా దగ్గర రెండున్నాయి. ఆదివారం ఏడున్నరకి మీ ఇంటికి తెస్తాను, గిన్నెలు కూడా నా కారులోనే పెట్టేద్దాం.