ఖాళీ చేయమన్నప్పుడు చుట్టాలింటికి వెళ్తే సాయం రాదా?

ప్రశ్న | కండ్రిక, విజయవాడ

మేం కండ్రికలో కింది పోర్షన్‌లో అద్దెకుంటున్నాం. బుడమేరు వరద తర్వాతే ఈ ఇంట్లోకి వచ్చాం. 2025 అక్టోబరులో మొంథా తుపానప్పుడు ఖాళీ చేయమని మైకులో చెప్పారు. మా అత్తయ్యగారికి ఆయాసం, కింద పడుకోలేరు. అందుకని నూజివీడులో ఆడపడుచు ఇంటికి వెళ్లిపోయాం. వెనక వీధిలో వాళ్లు స్కూల్లో పెట్టిన పునరావాస కేంద్రానికి వెళ్లారు. వాళ్లకు ఇంటికి 3 వేలు, బియ్యం వచ్చాయి, మాకేమీ లేదు. దానికి బాధలేదు గానీ, రేపు నిజంగానే నీళ్లొచ్చి ఇల్లు మునిగితే, ఊళ్లో లేరని అప్పుడూ పక్కన పెట్టేస్తారా? మా ఆధార్‌లో ఇంకా తెనాలి అడ్రసే ఉంది.

జవాబు | రాజరాజేశ్వరిపేట టైలర్

చెల్లీ, ఆ రెండు డబ్బులూ వేరు. మీ వెనక వీధి వాళ్లకొచ్చింది పునరావాస కేంద్రంలో ఉన్నందుకు. మొంథాకి మనిషికి వెయ్యి, కుటుంబానికి 3 వేలకు మించకుండా అన్నారు. కేంద్రం రిజిస్టర్‌లో పేరుంటేనే అది. చుట్టాలింటికి వెళ్లినవాళ్లకు రాదు.

ఇల్లు మునిగినందుకు ఇచ్చేది ఇంకొకటి. 2024 సెప్టెంబరు 1న మాకు నీళ్లొచ్చాక ప్రభుత్వం ప్రకటించింది అదే: కింది అంతస్తు ఇంటికి 25 వేలు, పై అంతస్తులకు 10 వేలు, చిన్న కిరాణా కొట్టుకి 25 వేలు, బైకుకి 3 వేలు, ఆటోకి 10 వేలు. సెప్టెంబరు 25న ఖాతాల్లో వేయడం మొదలుపెట్టారు. ఆ లెక్క ఆ వరదకి మాత్రమే. ఇంకోసారి వస్తే మళ్లీ కొత్త జీవో వస్తుంది, మొత్తం మారొచ్చు.

ఈ రెండోదానికి మీరు కేంద్రానికి వెళ్లారా, నూజివీడు వెళ్లారా అని మా వీధిలో ఎవరూ అడగలేదు. వార్డు సచివాలయం వాళ్లు ట్యాబ్ పట్టుకుని లెక్క రాయడానికొచ్చిన రోజున ఇంటి దగ్గర మనిషి ఉన్నారా లేదా అన్నదే మా దగ్గర తేడా తెచ్చింది. మా ఎదురింటి వాళ్లు బురద చూడలేక తాళం వేసి ఊరెళ్లిపోయారు, జాబితా అతికించినప్పుడు వాళ్ల పేరు లేదు. మా పక్క ఇంట్లో మూడు పోర్షన్లకీ ఒకటే డోర్ నంబరు, ఒక్క కుటుంబం పేరే ఎక్కింది. మిగతా ఇద్దరూ మళ్లీ అర్జీ పెట్టుకుని, కాగితాలు చూపించి నానా అవస్థ పడ్డారు. మునిగిన వాళ్ల చేతే మునిగామని రుజువు చేయించడం చూస్తుంటే నా కడుపు మండిపోయింది.

కాబట్టి నీళ్లు తీయగానే ఇంట్లో ఒక్కరైనా తిరిగొచ్చేయండి. గోడ కడిగే ముందు నీటి చార కనపడేలా ఫొటో తీయండి, అందులోనే కరెంటు మీటరు నంబరు కూడా పడాలి. నా రెండు మిషన్లూ, కస్టమర్ల జాకెట్ ముక్కలూ అలా బురదలో ఉండగానే తీసి పెట్టుకున్నాను. అద్దె ఇల్లు కదా, ఓనరుగారితో ఇప్పుడే తెల్లకాగితం మీద మీరు ఫలానా పోర్షన్‌లో ఉంటున్నట్టు రాయించుకోండి. గ్యాస్ బుక్, పిల్లల స్కూల్ ఫీజు రసీదు, ఏది ఈ అడ్రసుతో ఉంటే అది కవర్లో పెట్టి అటక మీద పెట్టండి. ఆధార్ అడ్రసు మాత్రం వానలు మొదలవ్వకముందే మార్పించుకోండి.

జవాబు | సత్యనారాయణపురం, రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి

జాబితాలో పేరున్నా డబ్బు ఆగిపోయేది ఖాతా దగ్గర. ఒకే ఆధార్‌ని రెండు మూడు ఖాతాలకు ఇచ్చి ఉంటే, చివరగా డీబీటీకి (ప్రభుత్వ డబ్బు నేరుగా ఖాతాలో పడే పద్ధతికి) అనుసంధానించిన ఖాతాలోనే పడుతుంది. ఎప్పుడో జీతం కోసం తెరిచి వదిలేసిన ఖాతాలో పడితే మనకు తెలియను కూడా తెలియదు. కేవైసీ అయిపోయిందంటే లింకు అయినట్టు కాదమ్మా. ఎన్‌పీసీఐ మ్యాపింగ్, అంటే ఆధార్ మీద వచ్చే డబ్బు ఏ బ్యాంకుకి వెళ్లాలో చెప్పే నమోదు, ఏ బ్యాంకుకి ఉందో బ్రాంచిలో అడిగి తెలుసుకోండి. పేరు రాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.

ప్రశ్న అడిగినవారు

అక్కా, బాబాయిగారూ, చాలా థ్యాంక్స్. ఇంకొక్కటి. అత్తయ్యగారిని నూజివీడు పంపి, మేమిద్దరం పిల్లాడితో కేంద్రంలో ఉంటే రాస్తారా?

రాజరాజేశ్వరిపేట టైలర్

ఉన్నవాళ్ల పేర్లు రాస్తారు, మీరు ముగ్గురే ఉన్నామని చెప్పండి. వెయ్యి కోసం పెద్దావిడని మాత్రం ఆ బెంచీల మధ్య పడుకోబెట్టకండి చెల్లీ. హెచ్చరిక రాగానే, రోడ్లు బాగున్నప్పుడే పంపేయండి, ఇన్‌హేలరూ మందుల చీటీ ఆమె సంచిలోనే పెట్టండి. ఆమె ఆధార్ జిరాక్స్ మీ దగ్గర ఒకటి ఉంచుకోండి, తర్వాత ఇంటి లెక్క రాసేటప్పుడు అడుగుతారు.