సమస్య: కల్ల లాడు గురువె ఘనుడు గాదె

నిర్వాహకుడు (పర్లాకిమిడి): ఈ వారం పాదం ఇదే. కాలేజీలో మాకు తెలుగు చెప్పిన మాస్టారు పగలు సంధులు నేర్పి, రాత్రి కథలూ పద్యాలూ రాసుకునేవారు. ఆయన్ని తలుచుకుంటుంటే తట్టింది. పూరించండి.

రాయగడ కోడలు:
పగలు బడికి వచ్చి పలుకును నిజమును
రాత్రి కథల నల్లు రమ్యముగను
లేని యూరు గట్టి లేమను నిలబెట్టు
కల్ల లాడు గురువె ఘనుడు గాదె

బరంపురం మాస్టారు: మూడో పాదం బాగుందమ్మా. లేని ఊరు కట్టడమే కథకుడి పని. కానీ 'రమ్యముగను' గణం నింపడానికి వచ్చింది. తీసేసినా అర్థం చెడదు.

గుణుపురం చిన్నోడు:
పర్లకిమిడి తెలుగు పంతులు చెప్పిన
కథలు వడ్లగింజ కరణి నిండె
ఎన్ని తీసిపెట్ట నించుక తరుగునే
కల్ల లాడు గురువె ఘనుడు, గాదె

నిర్వాహకుడు: 'గాదె'ను ధాన్యం గాదె చేశావా! నాకే తట్టలేదు. ఒక్క కామాతో సమస్య విప్పేశావు.

బరంపురం మాస్టారు: విరుపుకు వంద మార్కులు. కానీ 'నిండె' తర్వాత 'ఎన్ని' ఏమిటి? 'నెన్ని' కావాలి. పోయిన నెల నా పూరణలో యతి తప్పిందని మూడు రోజులు పట్టుకున్నావు, గుర్తుందా? ఇప్పుడు సంధి కలపని తప్పు, అదే విసంధి, నీదే.

గుణుపురం చిన్నోడు: ఒప్పుకున్నాను మాస్టారూ, 'నెన్ని' అనే చదవండి. మీ యతి మాత్రం అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే.

రాయగడ కోడలు: నాకు 'లాగ' అనడానికి వాడిన గ్రాంథికపు 'కరణి' గుచ్చుకుంది. గిడుగు రామమూర్తి గారు పంతులుగా పనిచేసిన ఊరి మీద పద్యం రాస్తూ ఆ మాట ఎందుకు తమ్ముడూ? సవరల భాష నేర్చుకుని దానికి నిఘంటువు కట్టిన మనిషి, వాడుక తెలుగు కోసం పండితులతో పోరాడిన మనిషి ఆయన. 'కథలు వడ్లలాగ గదిని నింపె' అంటే సరిపోదా?

గుణుపురం చిన్నోడు: యతి కుదిరింది వదినా. కానీ వడ్లు గదిలో పోసేస్తే చివర గాదె దేనికి?

బరంపురం మాస్టారు: అబ్బాయి మాట నిజం. 'కరణి' ఉండనీ.

నిర్వాహకుడు: నేను మాత్రం కోడలమ్మ వైపే. 1936లో ఈ ఊరు ఒడిశాలోకి వెళ్లింది. ఆ తర్వాత కూడా ఇక్కడ తెలుగు నిలిచింది ఇళ్లలో మాట్లాడుకునే మాటల వల్లే. మా మాస్టారి కథల్లో మనుషులు కూడా సంతలో మాట్లాడినట్టే మాట్లాడేవారు. చిన్నోడా, గాదె వదలకుండా 'కరణి' మార్చి ఇంకోసారి పంపు. ఆదివారం దాకా చూస్తాను.