కాల్చిన కుండకు పెచ్చులు ఎందుకు లేస్తున్నాయి? ఇంట్లో కుమ్మరి సారె పెట్టుకున్న డ్రాయింగ్ టీచరు ప్రశ్నపై చర్చ

వైనతేయ తీరం
అందరికీ నమస్కారం. నేను కోనసీమలో ఒక ఉన్నత పాఠశాలలో డ్రాయింగ్ టీచరును. బడి నుంచి వచ్చి, వంట ముగించుకున్న తరువాత పెరటి వసారాలో సారె ముందు కూర్చోవడం నాకు కొన్నేళ్లుగా అలవాటు. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు మా ఊరి బోదెలో తవ్వి తీసిన బంకమట్టినే వాడుతున్నాను. ఇంతకాలం మా వీధి చివరి కుమ్మరి వారు కుండలు కాల్చే ఆవంలోనే నా కుండలను కూడా పెట్టించుకునేదాన్ని. ఈ మధ్య చిన్న కరెంటు కొలిమి కొనుక్కుని, అందులో 950 డిగ్రీల వరకు కాలుస్తున్నాను. బయటకు తీసినప్పుడు ఎర్రగా, నదురుగా ఉన్న కూజాలు వారం తిరిగేసరికి పెచ్చులు లేస్తున్నాయి. పెచ్చు ఊడిన గుంటలో ఆవగింజంత తెల్లని పొడి కనిపిస్తోంది. ఇదే మట్టిని ఆవంలో కాల్చినప్పుడు ఇలా జరగలేదు. కారణం ఏమిటి? దానితోపాటు, వర్షాకాలంలో పచ్చి కుండలు పగలకుండా ఆరబెట్టడం ఎలాగో, పిల్లలతో వినాయకుడి బొమ్మలు చేయించడానికి ఎంత మట్టి సిద్ధం చేసుకోవాలో, ప్రభుత్వోద్యోగంలో ఉంటూ వీటిని అమ్ముకోవచ్చో లేదో కూడా తెలిసినవారు చెప్పగలరు.

సారె ఇంటివాడు
టీచరు గారూ, మట్టిలో దోషం లేదు, కొలిమిలో ఉంది. మా తాతగారు బోదె మట్టితోనే బానలు, కూజాలు, ప్రమిదలు చేసి మూడు ఊళ్లకు ఇచ్చారు. పెచ్చు లేచిందని ఎవరూ కుండను వెనక్కి తీసుకురాలేదు. ఆయన మట్టి తొక్కేటప్పుడు గుప్పెడు కల్లుప్పు కరిగించిన నీళ్లు చల్లేవారు. మీరు కూడా అలాగే చేసి చూడండి. కరెంటు కొలిమి కొనే ముందు మా వాళ్లను ఒక్క మాట అడిగి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

రసాయనం మాస్టారు
మీరు వర్ణించిన తెల్లని పొడి సున్నం. ఇందులో సందేహానికి తావు లేదు. డెల్టా ఒండ్రులో, ముఖ్యంగా కాలువలలోనూ చెరువులలోనూ తీసిన బంకమట్టిలో, నత్తగుల్లల ముక్కలు ఉండనే ఉంటాయి. గుల్ల అంటే కాల్షియం కార్బొనేటు. సుమారు 800 డిగ్రీలు దాటిన తరువాత అది బొగ్గుపులుసు వాయువును వదిలి పొడిసున్నంగా మారుతుంది; ఆ సున్నం గాలిలోని తేమను పీల్చుకుని ఉబ్బినప్పుడు, దాని మీద ఉన్న పలుచని మట్టి పొర పెచ్చుగా లేచిపోతుంది. గుల్లసున్నం బట్టీలో జరిగే పనే మీ కూజా గోడలో జరుగుతోంది. గడ్డి, పిడకలు, కొబ్బరిమట్టలతో కాల్చే ఆవంలో వేడి తరచుగా అంత ఎత్తుకు చేరదు, చేరినా ఎక్కువసేపు నిలవదు. కనుక గుల్ల గుల్లగానే మిగిలిపోతుంది. నమ్మకం కుదరకపోతే ఎండిన మట్టి బెడ్డ మీద బాత్‌రూములు కడిగే ఆసిడ్ రెండు చుక్కలు వేసి చూడండి. సున్నం ఉన్నచోట బుసబుస నురగ వస్తుంది.

పరిష్కారం జల్లెడ. మట్టిని పూర్తిగా ఎండబెట్టి, దంచి, నీళ్లలో నానబెట్టి, పలుచని జావగా కలిపి 80 నంబరు (అంగుళానికి 80 కన్నాలుండే) జల్లెడలో వడకట్టాలి. తడి మట్టిని నానబెడితే ముద్దలు విడవవు; ఎండిన మట్టి దానంతటదే విడిపోతుంది. ఇక ఉప్పు వేస్తే సున్నం ఆగిపోతుందన్న మాటకు శాస్త్రాధారం లేదు. ఉప్పు వల్ల కుండ మీద తెల్లని చారలు రావడం తప్ప ప్రయోజనం ఉండదు.

సారె ఇంటివాడు
పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అనలేదు. శాస్త్రాధారం లేదని తేల్చేసిన మాస్టారు గారు ఎన్నడైనా మట్టి తొక్కారా? మా తాతగారికి కార్బొనేటు తెలియకపోవచ్చు, కుండ తెలుసు.

రసాయనం మాస్టారు
తాతల అనుభవాన్ని నేను కాదనలేదు. అనుభవం వేరు, కారణం వేరు అని మాత్రమే అంటున్నాను. మీ తాతగారి కుండలకు పెచ్చులు లేవకపోవడానికి ఉప్పు కారణమా, ఆవంలో తక్కువ వేడి కారణమా అన్నది మీరు విడదీసి చెప్పగలరా?

బరోడా శిల్పి
ఇద్దరూ ఆగండి. నేను బరోడాలో శిల్పకళ చదివి, మట్టి, రంగు, నిప్పు ఈ మూడింటితోనే జీవితం గడుపుతున్న వాణ్ణి కాబట్టి చెబుతున్నాను. గుల్లలున్న మట్టికి ఉప్పు కలపడం కట్టుకథ కాదు. పాపువా న్యూగినీ తీరప్రాంతపు కుమ్మరులు సముద్రపు నీటితో మట్టిని కలుపుకుంటారు. దానివల్ల పెచ్చుల బెడద తగ్గుతుందని 1970ల లోనే పరిశోధకులు గమనించి రాశారు. ఎండిన మట్టి బరువులో నూటికి ఒక వంతు ఉప్పు సరిపోతుంది. తెల్లని చారలు వస్తాయన్నది నిజమే. కాలిన తరువాత మంచినీళ్లలో నానబెట్టి కడిగితే చాలావరకు పోతాయి. అసలు నన్ను అడిగితే, డెల్టా మట్టితో కూజాలు చేయడమే అనవసరమైన శ్రమ. గుజరాతు నుంచి సిద్ధమైన తెల్లమట్టి బస్తాలు తెప్పించుకుని, పైన గాజుపూత వేసుకుంటే ఈ తలనొప్పులేవీ ఉండవు.

సారె ఇంటివాడు
గోదావరి ఒడ్డున కూర్చుని గుజరాతు నుంచి మట్టి తెప్పించుకోమనే సలహా వినడానికే ఈ వయసు దాకా బతికాను కాబోలు.

ఆత్రేయపురం కోడలు
గాజుపూత సంగతి నాకు అక్కరలేదు. మా ఇంట్లో పూతరేకులు తీస్తాం, 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిన ఆ పూతరేకులే. మా బాధ వేరు. రేకు తీసే కుండను బోర్లించి, కింద కొబ్బరాకుల మంట పెట్టి, పలుచని గుడ్డను బియ్యపు పిండి నీళ్లలో ముంచి ఆ కుండ మీద పరిచి లాగుతాం. కుండ మీద సూదిమొనంత గరుకు ఉన్నా రేకు అక్కడే చిరుగుతుంది. పెచ్చు లేస్తే ఆ కుండ ఇక కోళ్లకు నీళ్లు పెట్టడానికే. పోయినసారి ఒకరి దగ్గర చాలా నున్నగా ఉన్న కుండ తెచ్చుకుంటే, మంట పెట్టిన కాసేపటికే అడుగున నిలువునా బీట వారింది. డబ్బులు అడిగితే మంట ఎక్కువ పెట్టారని నా మీదే నెపం వేశారు. టీచరు గారు అలాంటి కుండ చేయగలిగితే నాకు చెప్పండి, మంచి ధర ఇస్తాం.

బరోడా శిల్పి
జల్లెడ పట్టిన మట్టి నేరుగా మంటకు ఆగదమ్మా. మట్టి ఎంత మెత్తగా ఉంటే బీట అంత సులువుగా పాకుతుంది. ఇసుక రేణువులు ఉంటే ఆ బీట వాటి దగ్గర ఆగిపోతుంది. వంటకుండలో ఇసుక కలిపేది అందుకే.

సారె ఇంటివాడు
ఇది మాత్రం సరిగ్గా చెప్పారు. గుల్లలు పోవడానికి వడకట్టండి, తరువాత కడిగి ఆరబెట్టిన గోదావరి ఇసుకను, సన్నటిది, పాళ్లు చూసి కలపండి. సముద్రం దగ్గరి ఇసుక తేవద్దు, అందులో మళ్లీ గుల్లలే. పైన నున్నగా రావాలంటే కుండ కాస్త బిగిసిన తరువాత వడకట్టిన మట్టి జావ పూసి, నున్నని రాయితో రుద్దాలి. రేకుల కుండ సారె మీద పూర్తికాదు. లోపల రాయి ఆనించి, పైనుంచి సలప అనే చెక్కతో తట్టి తట్టి అడుగు గుండ్రంగా తేవాలి. డ్రాయింగ్ టీచరు గారికి ఆ చెయ్యి తిరగాలంటే సమయం పడుతుంది.

రసాయనం మాస్టారు
ఉప్పు విషయం వదిలేశారు. పాపువాలో పనిచేసినా, కరెంటు కొలిమిలో ఉప్పు కలిపిన మట్టిని కాల్చితే వచ్చే ఆవిర్లు కొలిమి తీగలను తినేస్తాయి. ఆరుబయట మంటలో కాల్చేవారికి ఆ బెంగ లేదు. తీగ మార్పించుకునే ఖర్చు టీచరు గారే భరించాలి కాబట్టి జల్లెడే మేలని మళ్లీ చెబుతున్నాను.

సారె ఇంటివాడు
ముందు ఉప్పు పనిచేయదన్నారు. ఇప్పుడు పనిచేస్తుంది గాని తీగ పోతుందంటున్నారు.

పాలకొల్లు బొమ్మలు
మీ అందరికీ కొలిమి గురించి తగవు పడే తీరిక ఉంది, సంతోషం. నేను పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టరుగా డ్రాయింగ్ చెబుతున్నాను. పదో తరగతి పరీక్షలు దగ్గరపడగానే నా పీరియడును లెక్కలకు ఇచ్చేస్తారు. నెల జీతం ఎప్పుడు వస్తుందో వచ్చాకే తెలుస్తుంది. దీపావళికి ప్రమిదలు, చవితికి బొమ్మలు చేసి అమ్ముకుంటేనే ఇల్లు గడుస్తుంది. అమ్మవచ్చా అని అడిగారు కదా, ఆ ప్రశ్నను ఒక్కరూ పట్టించుకోలేదు. మీరు రెగ్యులర్ ఉద్యోగి కాబట్టి మీకు 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి వర్తిస్తుంది. అనుమతి లేకుండా వ్యాపారం చేయకూడదు. పైఅధికారి ద్వారా దరఖాస్తు పెట్టుకుని, జవాబు కాగితం మీద వచ్చాకే పూతరేకుల వారి దగ్గర డబ్బు తీసుకోండి. ఇంకొక మాట. ఎండిన మట్టిని దంచమని మాస్టారు గారు చెప్పారు గాని, ఆ దుమ్ము ఊపిరితిత్తులలో చేరితే తిరిగి రాదు. ముక్కుకు గుడ్డ కాదు, సరైన మాస్కు పెట్టుకోండి. వసారాను చీపురుతో ఊడ్వకుండా తడిగుడ్డతో తుడవండి.

కడియం తోట
మాకు నర్సరీ ఉంది. పెచ్చులు లేచిన కూజాలు ఉంటే పారేయకండి, చవకగా ఇస్తే మొక్కలకు తీసుకుంటాం. మొక్కకు పెచ్చు అడ్డం కాదు.

సారె ఇంటివాడు
అడ్డం కాకపోవడమేమిటి? రోజూ నీళ్లు పోసే తొట్టికి సున్నం ఇంకా ఉబ్బుతుంది. ఏడాదికి గోడే విడిపోతుంది. మీరు చవకగా కొని ఎవరికి అంటగడతారు?

కడియం తోట
మా వ్యాపారం మాకు వదిలేయండి.

వైనతేయ తీరం
అందరికీ కృతజ్ఞతలు. ఆసిడ్ వేసి చూశాను, బెడ్డ నిండా నురగ వచ్చింది. జల్లెడ తెప్పిస్తున్నాను. కొలిమి పాడవుతుందన్న భయంతో ఉప్పు కలిపిన మట్టిని మాత్రం కుమ్మరి వారి ఆవంలోనే పెట్టించి చూస్తాను. ఇప్పటికే కాల్చిన కూజాలు కొన్ని ఇంకా పెచ్చు లేవకుండా ఉన్నాయి, వాటిని కాపాడుకునే మార్గం ఉందా? ఆత్రేయపురం వారికి, అనుమతి వచ్చేవరకు కుండ ఉచితంగానే ఇస్తాను, అది కూడా మంటకు ఆగుతుందని నాకు నమ్మకం కుదిరిన తరువాతే. ఆరబెట్టడం గురించి ఎవరూ చెప్పలేదు. ఇక్కడ ముసురు పట్టి ఉంది.

రసాయనం మాస్టారు
మిగిలిన కూజాలను ఇప్పుడు నీళ్లలో ముంచినా ఆలస్యమే. ఇక మీదట కొలిమిలోంచి గోరువెచ్చగా ఉన్నప్పుడే తీసి, నీళ్ల తొట్టిలో పూర్తిగా మునిగేటట్టు ఉంచండి. అప్పుడు సున్నం ఒక్కసారిగా తడిసి మెత్తని ముద్దగా మారుతుంది గనుక, గోడను నెట్టే బలం దానికి ఉండదు. సగం మునిగేలా పెట్టవద్దు.

సారె ఇంటివాడు
ముసురులో పచ్చి కుండలను గాలికి వదలకండి. అంచు ముందు ఆరి, అడుగు పచ్చిగా ఉంటేనే బీట వస్తుంది. అంచుకు తడిగుడ్డ చుట్టి, అంచు కాస్త బిగిశాక కుండను బోర్లించి పలక మీద పెట్టండి. పైన పాత చీర కప్పండి, ప్లాస్టిక్ కాదు. ఇంట్లో ఫ్యాను వేయవద్దు, ఒక పక్కే ఆరుతుంది. బుగ్గకు ఆనించుకుంటే చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే, కొలిమిలో పెట్టకండి. ఆ రేకుల కుండకు అడుగు తట్టడం నేర్చుకోవాలనుకుంటే ఆదివారం మా ఇంటికి రండి, సలప నేనే ఇస్తాను. మాస్టారు గారిని కూడా వెంట తీసుకురండి, మట్టి తొక్కడానికి.