క్రౌన్ పినియన్ విరగడానికి కారణం డ్రైవరా, సామానా?

అందరికీ నమస్కారం. గాజువాకలో ఉంటూ ఒకే ఒక్క టిప్పర్ నడుపుకునే యజమానిని. పోర్టు నుంచి బొగ్గు తోలే ఈ పది చక్రాల బండికి పద్నాలుగు నెలల్లో రెండోసారి వెనక డిఫరెన్షియల్ (ఇంజిన్ శక్తిని వెనక చక్రాలకు పంచే గేర్ల పెట్టె) పోయింది. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు క్లచ్ ఒక్కసారిగా వదలడమే కారణమని మెకానిక్ అంటుండగా, పదకొండేళ్లుగా నా దగ్గరే ఉన్న డ్రైవరు మాత్రం కిందటిసారి అందులో వేసిన క్రౌన్ పినియన్ (క్రౌన్ అనే పెద్ద పళ్లచక్రం, పినియన్ అనే చిన్న పళ్లచక్రం కలిసిన జత) నాసిరకమని వాదిస్తున్నాడు. ఇద్దరినీ కాదనలేని స్థితి నాది.

విరిగిన పినియన్‌ను డీజిల్‌తో కడిగి చూశాను. రెండు పళ్లు మొదలంటా పోయాయి. విరిగిన ముఖంలో సగం నున్నగా, తీరంలో అల వెనక్కి వెళ్లాక ఇసుకపై మిగిలే వంపు గీతలతో ఉంది. మిగతా సగం పంచదార పలుకుల్లా గరుకుగా ఉంది. ఒక్క కుదుపుకే విరిగితే ముఖమంతా గరుకుగానే ఉంటుందని, ఇటువంటి గీతలు పగులు మెల్లగా పాకిందనడానికి గుర్తులని నాకు తెలుసు. అయితే ఆ పగులు అధిక లోడు వల్ల మొదలైందా, లోహం లోపమా, బిగింపు లోపమా అన్నది తేలడం లేదు. నిజం చెప్పాలంటే బండి, లోడు కలిపి 28.5 టన్నుల పరిమితిని మేమూ అప్పుడప్పుడు దాటాము. పైగా కిందటిసారి మెకానిక్ పళ్ల మధ్య సందును డయల్ గేజ్ (సన్నని సందును కొలిచే పరికరం) పెట్టకుండా చేత్తో ఊపి చూసి సరిపెట్టాడు.

పళ్ల మీది రాపిడి మచ్చ అంచుకు జరిగి ఉంటే తప్పు బిగింపుదేనని నిర్ధారించవచ్చునా? కొత్త సెట్టు కొనేలోగా ఇంకేమేమి పరిశీలించాలో అనుభవజ్ఞులు దయచేసి తెలుపగలరు.