మే 1 సభ పనులు: ఒడిశా బరంపురం వలంటీర్లు ఇక్కడ రాయండి

కార్యదర్శి:
అందరికీ నమస్కారం. ఉగాది లెక్కలు తేలిపోయాయి, ఇక మే డే పనులు పంచుకుందాం. సాయంత్రం ఐదున్నరకి స్కూలు హాల్లో మొదలుపెట్టి ఎనిమిదిన్నరకల్లా లేచిపోవాలన్నది కమిటీ మాట. శాలువాలు వద్దు. తెల్లవారుజామున నాలుగింటికి చీపురు పట్టే మనుషుల్ని రాత్రి పదింటిదాకా కుర్చీలకి అతికించి, చివర్లో శాలువా కప్పి ఫొటో తీసే సభలు ఈ ఊళ్ళో కావలసినన్ని జరుగుతున్నాయి. మనం ఇంకొకటి చెయ్యక్కర్లేదు. మాట్లాడేవాళ్ళు, భోజనం, మైకు, కుర్చీలు, ఒడియాలో చెప్పగలిగేవాళ్ళు ఒకరిద్దరు కావాలి. ఎవరు ఏది చూస్తారో రాయండి. "చూద్దాం లెండి" అనేవాళ్ళని నేను లెక్కలో వేసుకోను.

భోజనాలు చూసే అక్క:
భోజనం నాకు వదిలెయ్యండి. నూట యాభై మందికి పులిహోర, బూరెలు, పెరుగన్నం. కేటరింగ్ ఆయనతో మాట్లాడాను. మధ్యాహ్నం రెండింటికి కుర్రాళ్ళు ఐదుగురు వస్తారట, అంట్లు తోముకుని వెళ్ళేసరికి పన్నెండవుతుందట.

కాలేజీ బ్యాచ్:
అక్కా, రెండు నుంచి పన్నెండు అంటే పది గంటలు. ఎనిమిది గంటల పని కోసం ఉరికంబం ఎక్కినవాళ్ళ కథ హాల్లో మాస్టారు చెబుతుంటే, వెనక పెరట్లో పది గంటల డ్యూటీ నడుస్తుంటుంది. ఎవరైనా నవ్విపోతారు.

భోజనాలు చూసే అక్క:
నవ్వితే నవ్వనీ. నూట యాభై మందికి నువ్వు వండుతావా నాయనా?

మాస్టారు:
భోజనం సంగతి మీరు తేల్చుకోండి. నాకు ఇరవై నిమిషాలు ఇస్తే చాలు. ఏం చెబుతానో ముందే రాస్తున్నాను, కాదనేవాళ్ళు ఇక్కడే కాదనండి.

మొదట చికాగో. మే 1న కాల్పులు జరిగాయని మన పోస్టర్లలో తరచూ వేస్తుంటారు. 1886 మే 1న జరిగింది సమ్మె, ఊరేగింపు. రోజుకి పది, పన్నెండు గంటలు పని చేయించే కాలం అది. 1886 మే 1 నుంచి ఎనిమిది గంటలే పనిదినం అని అక్కడి కార్మిక సంఘాల సమాఖ్య 1884లోనే తీర్మానించింది, అంటే రెండేళ్ళ ముందే తారీకు పెట్టుకుని మరీ దిగారు. మే 3న మెకార్మిక్ కోతయంత్రాల ఫ్యాక్టరీ దగ్గర పోలీసులు కాల్చారు. అందుకు నిరసనగా మర్నాడు రాత్రి హేమార్కెట్‌లో సభ పెట్టారు. వాన వచ్చేలా ఉందని చాలామంది వెళ్ళిపోయారు, చివరి ఉపన్యాసం కూడా అయిపోవస్తోంది. అప్పుడు పోలీసులు వచ్చి వెళ్ళిపొమ్మన్నారు. ఎవరో బాంబు విసిరారు. ఎవరు విసిరారో నేటికీ తేలలేదు, కేసు మాత్రం ఎనిమిది మంది మీద పడింది. పార్సన్స్, స్పైస్, ఫిషర్, ఎంగెల్ - ఈ నలుగురిని 1887 నవంబరు 11న ఉరి తీశారు. లింగ్ అనే కుర్రాడు ముందురోజే జైలు గదిలో ప్రాణం తీసుకున్నాడు. మిగిలిన ముగ్గురిని 1893లో గవర్నరు ఆల్ట్‌గెల్డ్ విడిచిపెడుతూ, ఆ విచారణ న్యాయంగా జరగలేదని కుండబద్దలు కొట్టాడు. ఈలోగా 1889లో పారిస్‌లో చేరిన సోషలిస్టు మహాసభ, మరుసటి ఏడు మే 1న అన్ని దేశాల్లోనూ ఎనిమిది గంటల పని కోసం ప్రదర్శనలు చెయ్యాలంది. అలా నిలబడింది ఈ తారీకు.

మన దేశంలో మొదటిసారి 1923 మే 1న మద్రాసులో సింగారవేలు చెట్టియార్ జరిపించారు. హైకోర్టు ఎదురు బీచిలో ఒక సభ, ట్రిప్లికేన్ బీచిలో ఒక సభ. అప్పటికి మన గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోదే, 1936 ఏప్రిల్ 1న గదా ఒడిశాలో కలిసింది. కాబట్టి అది మన రాజధానిలో జరిగిన సంగతేనని ధైర్యంగా చెప్పుకోవచ్చు.

ఇక మన ఊళ్ళో పుట్టిన ఒకప్పటి రాష్ట్రపతి వి.వి. గిరి గారి గురించి విడిగా రాస్తాను, అది రెండు ముక్కల్లో తేలేది కాదు.

న్యూజెర్సీ నుంచి, మాస్టారి పాత శిష్యుడు:
మాస్టారూ, నమస్కారం. సౌండ్ ఖర్చు నేను పంపిస్తాను. నాకో సందేహం. గొడవంతా జరిగింది ఇక్కడే అయితే, ఇక్కడ మే 1న అందరం మామూలుగా ఆఫీసుకి పోతున్నాం ఎందుకు? లేబర్ డే సెప్టెంబరులో వస్తుంది, ఆ రోజు అందరూ మాంసం కాల్చుకు తింటారు, పరుపుల షాపులు డిస్కౌంట్లు పెడతాయి.

మాస్టారు:
సుఖంగా ఉండు బాబూ. మీ దగ్గర సెప్టెంబరు పండగ మే డే కంటే ముందుదే. 1882 సెప్టెంబరు 5న న్యూయార్కులో కార్మికులు ఊరేగింపు తీశారు. 1894లో పుల్మన్ రైలుపెట్టెల కంపెనీ సమ్మె మీదికి సైన్యాన్ని పంపిన ఏడాదే ప్రెసిడెంటు క్లీవ్‌లాండ్ సెప్టెంబరు మొదటి సోమవారాన్ని జాతీయ సెలవు చేశాడు. మే 1 అంటే హేమార్కెట్ గుర్తుకొస్తుంది, సెప్టెంబరు అయితే ఏ బాధా లేదు. నా మట్టుకు నాకు అది తెలివైన ఎత్తుగానే కనిపిస్తుంది.

మోటారు వర్క్‌షాపు తమ్ముడు:
మాకూ పండగ సెప్టెంబరులోనే కదా మాస్టారూ, 17న విశ్వకర్మ పూజ. ఆ రోజు పానా కూడా ముట్టుకోము. మే 1న మాత్రం షెడ్డు తెరిచే ఉంటుంది. నేను ఐదింటికే మూసేసి వస్తాను, కుర్చీలు నా ట్రాలీలో వేసుకొస్తా.

కార్యదర్శి:
కుర్చీలు అయిపోయాయి. మాస్టారూ, గిరి గారి ఫొటో పెద్దది ఎవరి దగ్గరైనా ఉందా?

మాస్టారు:
ఫొటో నేను తెస్తాను. దానికి దండేసి దీపం పెట్టి ఊరుకుందామంటే మాత్రం నేను రాను. గిరి రోడ్డు మీద రోజూ తిరుగుతాం, ఆ గిరి ఎవరంటే రాష్ట్రపతి అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. 1894 ఆగస్టు 10న ఈ ఊళ్ళోనే, తెలుగు ఇంట పుట్టిన వరాహగిరి వెంకటగిరి. నాన్న జోగయ్య పంతులు గారు ఇక్కడి వకీలు. 1913లో లా చదవడానికి డబ్లిన్ వెళితే ఐర్లండు స్వాతంత్ర్య ఉద్యమం అంటుకుంది. 1916లో దేశం విడిచి పొమ్మన్నారు. వచ్చి రైల్వే కార్మికుల్లో పడ్డాడు. 1928లో బెంగాల్ నాగపూర్ రైల్వేలో ఉద్యోగాల్లోంచి తీసేసినవాళ్ళ కోసం సమ్మె నడిపించాడు. మన బరంపురం స్టేషను అప్పట్లో ఆ రైల్వే కిందే ఉండేది, అందుకని ఆ సమ్మె కథ కుర్రాళ్ళకి ఇంకో పది నిమిషాలు పట్టినా సరే చెప్పాలి. 1952లో పాతపట్నం నుంచి పార్లమెంటుకి గెలిచాడు. పాతపట్నం అంటే పర్లాకిమిడి దాటితే వచ్చేదే. కేంద్ర కార్మిక మంత్రి అయ్యాడు. 1954లో బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పుని ప్రభుత్వం మార్చితే మంత్రి పదవి వదిలేశాడు. కార్మికుల కోసం కుర్చీ వదిలిన మంత్రుల పేర్లు చెప్పమంటే నాకు వెంటనే నోటికొచ్చేది ఈయన పేరే.

ఆయన పట్టు ఇంకొకటుంది. తగువు రాగానే కోర్టు తీర్పుకి పరిగెత్తకుండా, యజమానీ కార్మికుడూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలనేవాడు. గిరి అప్రోచ్ అని దానికి పేరే పడింది. అక్కగారికీ కాలేజీ బ్యాచ్‌కీ కూడా నా సలహా అదే. కేటరింగ్ కుర్రాళ్ళని అడిగారా?

కాలేజీ బ్యాచ్:
అడిగొచ్చాం మాస్టారూ. మమ్మల్ని కోప్పడ్డారు. "మీరు ఆర్డరు మానేస్తే మాకు సెలవు రాదు బాబూ, ఆ రోజు కూలి పోతుంది" అన్నారు. పెళ్ళిళ్ళ సీజన్‌లో అయితే పొద్దున ఆరు నుంచి రాత్రి ఒంటిగంట దాకా ఉంటారట. పది గంటలంటే వాళ్ళకి తేలిక పనట.

దేవాంగుల వీధి నుంచి, నేతపని చేసే బాబాయి:
ఆ మాటే నేనూ అడుగుదామనుకుంటున్నాను. మాస్టారూ, మీరు చెప్పే ఎనిమిది గంటలు గేటూ, సైరనూ ఉన్నవాళ్ళకి. మా మగ్గం ఇంట్లోనే ఉంది. గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుంటే అంచులో కుంభాలు, అదే గుడి గోపురం బొమ్మలు, ఎక్కేకొద్దీ చెయ్యి నెమ్మదిస్తుంది, మధ్యలో పడుగు పోగు తెగిందా, ఆ చివర ఎక్కడుందో వెలుతురుకి పట్టి చూసి, రెండు కొసలూ వేళ్ళతో మెలిపెట్టి అతికేసరికి నాడె చల్లబడి కూర్చుంటుంది. ఆ అతికిన సేపుకి ఎవడూ కూలివ్వడు, చీర లెక్కే. నేను నేస్తుంటే మీ పిన్ని పక్కన కూర్చుని కండెలు చుడుతుంది. ఆవిడ పనికి అసలు లెక్కే లేదు, చీరకిచ్చిన డబ్బులోనే ఆవిడ కూలీ కలిసిపోతుంది. మా తాతలు గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడ బరంపురం పట్టు నేస్తున్నారని మీరందరూ గొప్పగా చెబుతారు కదా, ఈ సంగతీ చెప్పండి. మాట్లాడమంటే నేనే మాట్లాడతా. మైకు అలవాటు లేదు, టెన్షన్ పడితే మధ్యలో ఆపేస్తా, ఎవరూ నవ్వకూడదు.

కార్యదర్శి:
బాబాయీ, మీకు పదిహేను నిమిషాలు. పిన్ని గారు కూడా స్టేజీ మీదికి రావాలి, ఆవిడ రాకపోతే మీకూ మైకు ఇవ్వం.

దేవాంగుల వీధి బాబాయి:
అడుగుతాను. తిట్టిందంటే నీ పేరు చెబుతా.

సూరత్ నుంచి సెలవుకొచ్చిన తమ్ముడు:
అన్నా, నేను కూడా ఒక మాట చెప్పొచ్చా? మన గంజాం నుంచి సూరత్ పవర్‌లూములకి వెళ్ళినవాళ్ళు ఎంతమందో అందరికీ తెలుసు. షిఫ్టు పన్నెండు గంటలు. మీటరు లెక్కన డబ్బులు. మెస్సులో ఒక్కో గదికి బోలెడు మంది. పగటి షిఫ్టువాడు లేవగానే అదే చాప మీద రాత్రి షిఫ్టువాడు పడుకుంటాడు. చెవుల్లో ఆ చప్పుడు ఎంత దూరిపోయిందంటే ఇంటికొచ్చాక అమ్మ మామూలుగా మాట్లాడినా నాకు గుసగుసల్లే ఉంది. నేను తెలుగు కంటే ఒడియాలో బాగా చెప్పగలను.

మాస్టారు:
ఒడియాలోనే చెప్పు నాయనా. సభకి వచ్చేవాళ్ళలో సగం మంది మన పక్కింటివాళ్ళే. 1948 ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటలు దాటితే రెట్టింపు కూలి ఇవ్వాలంది. మీటరు లెక్క పెట్టేస్తే ఓవర్‌టైమ్ అనే మాటే లేవదు. నేను చికాగోలో ఐదు నిమిషాలు తగ్గించుకుంటాను, ఆ ఐదూ నువ్వు తీసుకో.

గేట్ బజారు తాతగారు:
రంగం, అదే రంగూన్, వెళ్ళినవాళ్ళని మర్చిపోకండి. గోపాల్‌పూర్ రేవులో ఓడెక్కి తెలుగువాళ్ళూ ఒడియావాళ్ళూ ఒకే డెక్కు మీద పోయేవారు. రంగూన్ రేవులో మూటలు మోసింది మనవాళ్ళే. 1930 మేలో కూలి పెంచమని సమ్మె చేశారు, వాళ్ళ బదులు బర్మా కూలీలని పెట్టారు. సమ్మె తీరాక ఆ బర్మా కూలీలని పొమ్మన్నారు. కొట్లాట మాత్రం కూలీకీ కూలీకీ మధ్య జరిగింది, మనవాళ్ళు చాలామంది చనిపోయారు. కూలి పెంచాల్సినవాళ్ళకి ఏమీ కాలేదు.

కాలేజీ బ్యాచ్:
తాతగారూ, ఇది మేం చార్టు మీద రాస్తాం. గోపాల్‌పూర్ నుంచి రంగూన్‌కి గీత గీసి మ్యాప్ కూడా వేస్తాం.

కమిటీ సభ్యుడు:
ఎర్రజెండాల గురించి ముందే అనుకుందాం. సంఘంలో అన్ని పార్టీలవాళ్ళూ ఉన్నారు, ఎవరి జెండా కట్టినా మర్నాడు నాకు ఫోన్లే ఫోన్లు.

మాస్టారు:
ఏ పార్టీ జెండా వద్దు. 1923లో మద్రాసు బీచిలో ఎగిరింది ఎర్రజెండాయేనని మాత్రం చెబుతాను, దానికి ఎవరికైనా నొప్పి కలిగితే నాకు ఫోన్ చెయ్యమనండి.

భోజనాలు చూసే అక్క:
సరే, భోజనం తేల్చేశాను. ఎండ చూస్తున్నారుగా, ఆ వేళకి పులిహోర ఎవరికీ దిగదు. చద్దన్నం పెడదాం, అదే పఖాళ. అన్నం ముందురోజు సాయంత్రం కేటరింగ్ వాళ్ళే వండి నీళ్ళు పోస్తారు, వడియాలు, బంగాళదుంప వేపుడు మే 1 పొద్దున చేసి పదకొండుకల్లా ఇంటికి పోతారు. కూలి మాత్రం ముందు మాట్లాడుకున్నది పూర్తిగా ఇవ్వాలి, అందులో పైసా తగ్గినా నేను ఊరుకోను. సాయంత్రం పెరుగు కలిపి వడ్డించడం, అంట్లు తోమడం మనం. మామిడికాయ పచ్చడి, ఊరమిరపకాయలు ఇళ్ళ నుంచి తలా కొంచెం తేవాలి. ఎండుచేప కావలసినవాళ్ళు వేరే బల్ల దగ్గర తినాలి, మళ్ళీ గొడవ వద్దు. తోమడానికి కాలేజీ బ్యాచ్ పేర్లు రాసుకున్నాను, పది గంటలు లెక్కపెట్టింది మీరే కాబట్టి.

కాలేజీ బ్యాచ్:
ఒప్పుకున్నాం అక్కా. ఆరుగురం ఉంటాం. పీచు, సబ్బు తెచ్చిపెట్టండి చాలు.

కార్యదర్శి:
కేటరింగ్ కుర్రాళ్ళని సాయంత్రం భోజనానికి పిలిచాను, ఇద్దరు వస్తామన్నారు, మిగిలినవాళ్ళకి వేరే చోట పెళ్ళి పనుందట. మైకు అబ్బాయి ఐదింటికి వచ్చి ఎనిమిదిన్నరకి వైర్లు చుట్టేస్తాడు. అందుకని మాస్టారూ, మీ ఇరవై నిమిషాలు ఇరవై నిమిషాలే. గిరి గారి సమ్మె కథ అందులోనే ఇమడాలి. బాబాయి, పిన్ని ముందు మాట్లాడతారు, తర్వాత సూరత్ తమ్ముడు, ఆఖర్న మీరు. హాలు తాళం వాచ్‌మన్ దగ్గర ఉంటుంది, ఆయన డ్యూటీ ఆరింటికి దిగుతుంది, కాబట్టి ఐదింటికే ఎవరో ఒకరు వెళ్ళి తీసుకోవాలి. మూడు ఫ్యాన్లలో ఒకటి తిరగడం లేదు, వర్క్‌షాపు తమ్ముడు ముందురోజు వెళ్ళి కెపాసిటర్ చూస్తే మంచిది.

మోటారు వర్క్‌షాపు తమ్ముడు:
చూస్తాను. నిచ్చెన ఎవరి దగ్గరుంది?