కంట్లో కండ ఆపరేషన్: కుట్లా, గ్లూనా, సొంత రక్తమా?

వేటపాలెం_కుర్రాడు:
మా నాన్నకి 58 ఏళ్లు, చిన్నప్పటి నుంచీ సముద్రం మీద వేటే. కుడి కంట్లో ముక్కు వైపు నుంచి కండ పెరిగి పెరిగి ఇప్పుడు నల్లగుడ్డు మీదికి ఎక్కింది, చూపు మసకబారింది. డాక్టర్ టెరీజియం అన్నారు. కండ తీసేసి, పైరెప్ప కింద తెల్లగుడ్డు మీదుండే పల్చటి పొర కొంచెం తీసి ఆ చోట అతికిస్తారట. ఆ పొర నిలవడానికి కుట్లు వేయొచ్చు, గ్లూ వాడొచ్చు (దానికి విడిగా కొన్ని వేలు అవుతుందట), లేదంటే ఆయన రక్తంతోనే అతికిస్తామన్నారు. డబ్బు లేదని మనకి తక్కువ రకం వైద్యం చేస్తున్నారేమో అని అమ్మకి ఒకటే టెన్షన్. నాన్నకి గుండెలో స్టెంట్ ఉంది, ఎకోస్ప్రిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఆస్పిరిన్ మాత్ర) వాడుతున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

కంటి_పీజీ:
తమ్ముడూ, ముందు అమ్మగారికి ధైర్యం చెప్పు, అది తక్కువ రకం వైద్యమేమీ కాదు. వేలు తెగితే రక్తం ఎలా గడ్డకడుతుంది? రక్తంలో నీరులా ఉండే ప్లాస్మాలోని ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్‌కి త్రాంబిన్ అనే ఎంజైమ్ తగిలి ఫైబ్రిన్ పోగులు అల్లుకుంటాయి. కొనే గ్లూలో ఉండేవి కూడా ప్రధానంగా ఈ రెండే, కాకపోతే చాలామంది దాతల ప్లాస్మా కలిపి, వైరస్‌లు చచ్చేలా శుద్ధి చేసి తయారుచేస్తారు. రెండు సిరంజిల్లోవి కంటి మీద కలవగానే క్షణాల్లో బిగుసుకుంటుంది. మీ డాక్టర్ చెప్పిన పద్ధతిలో సిరంజిలూ ఉండవు, ప్యాకెట్టూ ఉండదు. కండ తీసిన చోట సన్నగా రక్తం ఊరుతుంది కదా, దాన్ని పూర్తిగా కాల్చి ఆపేయకుండా పల్చగా ఉండనిచ్చి, దాని మీద పొర పరిచి, అంచులు కలిపి పది నిమిషాల దాకా మెల్లగా అదిమి పట్టుకుంటారు. 2010లో ద విట్ అనే డాక్టర్ బృందం 15 కళ్లకి ఇలా చేసి ప్రచురించాక మన దేశంలోనూ చాలామంది సర్జన్లు అందుకున్నారు. కుట్లు లేవు కాబట్టి గుచ్చుకోదు, పరాయి ప్లాస్మా లేదు కాబట్టి ఆ భయమూ లేదు.

లోపం కూడా చెప్పాలి. గ్లూ అంత గట్టి పట్టు దీనికి ఉండదు, మొదటి ఒకటి రెండు రోజుల్లో పొర జరగడమో, అంచు ముడుచుకోవడమో గ్లూతో కంటే కాస్త ఎక్కువ. అయితే కండ మళ్లీ రాకుండా కాపాడేది ప్రధానంగా ఆ పొరే. పొర వేయకుండా కండ ఒక్కటే కోసి వదిలేసే పాత పద్ధతిలో చాలామందికి తిరిగి పెరిగేది. అందుకే మీరు డాక్టర్‌ని గట్టిగా అడగాల్సింది పొర ఎంత వేస్తున్నారు, ఈ పద్ధతిలో ఎన్ని చేశారు అని.

మిర్చియార్డు_శ్రీను:
నాకు ఒక కంటికి కుట్లు, తర్వాత రెండో కంటికి రక్తంతో చేశారు అన్నా. కుట్లు వేసిన కంట్లో అవి కరిగేదాకా ఇసుక పడ్డట్టే ఉండేది, నీళ్లు కారుతూనే ఉండేవి. రెండోదానికి ఆ బాధ లేదు, కానీ కట్టు విప్పాక చూస్తే పొర ఒక మూల కొద్దిగా వెనక్కి జరిగిందన్నారు, చుక్కలు వేస్తూ ఉంటే అదే సర్దుకుంది. ఒక్కటి మాత్రం చెప్తా, నాన్నగారు నిద్రలో కన్ను నలపకుండా చూసుకోండి. నాకు ప్లాస్టిక్ షీల్డ్ పెట్టి టేపు వేశారు, మా ఆవిడ రాత్రి లేచి లేచి చూసేది.

రక్తనిధి_టెక్నీషియన్:
ఒక చిన్న గందరగోళం ఉంది ఇక్కడ. "సొంత రక్తం గ్లూ" అని ఇంకోటి కూడా ఉంది. ముందే రక్తం తీసి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి ప్లాస్మా వేరుచేసి, ఐస్‌లా గడ్డకట్టించి, ఫ్రిజ్ చలిలో నెమ్మదిగా కరిగిస్తే అడుగున తెల్లటి చిక్కటి పదార్థం మిగులుతుంది, క్రయో అంటాం. ఫైబ్రినోజెన్ దాంట్లోనే ఉంటుంది. దానికి త్రాంబిన్ కలిపి వాడతారు. దీనికి ల్యాబ్ కావాలి, టైం కావాలి, మనిషిని బట్టి చిక్కదనం మారుతుంది. మీ డాక్టర్ చెప్పింది ఇదా, కంటి మీద ఊరే రక్తమా అని కనుక్కోండి. రెండోదైతే విడిగా రక్తం తీయాల్సిన పనే లేదు.

వేటపాలెం_కుర్రాడు:
చాలా థాంక్స్ అందరికీ. రక్తం ముందుగా తీస్తామని అనలేదు, కాబట్టి కంటి మీదదే అనుకుంటా. మరి ఎకోస్ప్రిన్ సంగతి? ఆపేయాలా?

కంటి_పీజీ:
మీ అంతట మీరు అస్సలు ఆపొద్దు, స్టెంట్ ఉన్న మనిషికి అది ప్రమాదం. గుండె డాక్టర్‌కి, కంటి డాక్టర్‌కి ఇద్దరికీ చెప్పండి. ఎకోస్ప్రిన్ ఉన్నా ఫైబ్రిన్ తయారవుతుంది. ఇబ్బందల్లా రక్తం ఎక్కువ ఊరి పొర కింద చేరితే అది పైకి లేస్తుంది, అలా ఉంటే సర్జన్ అక్కడికక్కడే గ్లూకో, ఒకటి రెండు కుట్లకో మారతారు. అసిట్రోమ్ లాంటి, ఫైబ్రిన్ తయారీనే తగ్గించే రక్తం పల్చబరిచే మందు కూడా వాడుతుంటే అది తప్పకుండా ముందే చెప్పాలి. ఇంకో మాట, డాక్టర్ సరే అనేదాకా వేటకి పంపొద్దు. వెళ్లడం మొదలెట్టాక టోపీ, పక్కల నుంచి కూడా కప్పే చలువ కళ్లద్దాలు పెట్టించండి, రెండో కంట్లో కూడా కండ మొదలైందేమో ఈసారి వెళ్లినప్పుడే చూపించండి.